రోస్‌విటా పెన్సిలు గుర్తులు

హార్ట్‌మూట్ క్రెల్ నీలం ఫోల్డరు తెరిచాడు. మొదటి కాగితం తిప్పాడు, రెండోది తిప్పాడు, మళ్ళీ మొదటిదానికి వచ్చాడు. కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు. ముప్పై ఏడేళ్ల కిందట తను నల్లసిరాతో రాసిన స్వరాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటి పైనా పక్కనా ఉండాల్సిన పెన్సిలు గుర్తులు మాత్రం ఒక్కటీ లేవు. కాగితం కడిగి బోర్లించిన పళ్ళెంలా ఉంది.

నవంబరు నెల, మంగళవారం మధ్యాహ్నం. ఆదివారానికి ఇంకా అయిదు రోజులున్నాయి. ఆ ఆదివారం ష్టైన్‌రోడా చర్చిలో, ఆ ఏడాది పోయిన పదకొండు మంది పేర్లు పోయిన వరుసలోనే చదువుతారు. రెండో పేరు అతని భార్య రోస్‌విటాది.

క్రెల్ గురించి ఆ ఊళ్ళో ఎవరినడిగినా ముందు ఈ నవంబరు సంగతే చెబుతారు. అతను ఆ చర్చికి కాంటర్. ఆర్గన్ వాయించడం, పాటబృందాన్ని నడపడం, పెళ్ళికీ చావుకీ ఒకే కోటు వేసుకుని హాజరవడం ఆ ఉద్యోగం. తండ్రి ఇళ్ళ కప్పులకు నల్లరాతి పలకలు పరిచే పనివాడు. తూర్పు జర్మనీ రోజుల్లో చర్చికి వెళ్ళే కుటుంబం. పిల్లవాడు ప్రభుత్వ యువజన సంఘంలో చేరలేదు గనక పై చదువుకు సీటు రాలేదు. ఆ సంఘం సభ్యత్వ కాగితం అడగని చోటు చర్చివాళ్ళ సంగీత పాఠశాల ఒక్కటే. "సంగీతం నన్ను పిలిచిందేం లేదు. మిగతావాళ్ళంతా వద్దన్నారు, అది ఊరుకుంది" అనేవాడు క్రెల్.

1981లో ష్టైన్‌రోడా వచ్చాడు. ఒకటి రెండేళ్లుండి పెద్ద ఊరికి వెళ్ళిపోదామనుకున్నాడు. నలభై రెండేళ్లు ఉండిపోయాడు. నాలుగు వందల పైచిలుకు రచనలు చేశాడు. అచ్చయినవి మూడు.

అక్కడి ఆర్గన్ పాతది. వాయించేవాడికి రెండు పక్కలా కలిపి ముప్పై ఒక్క కర్ర పిడులు. ఒక్కో పిడి లాగితే ఒక్కో వరుస గొట్టాలకు గాలి దారి దొరుకుతుంది. ఏ పిడులు లాగామన్నదాన్ని బట్టి అదే స్వరం వేణువులా వినపడొచ్చు, తేనెటీగల తుట్టెలా వినపడొచ్చు. చేతులూ కాళ్ళూ వాయించడంలో ఉంటాయి గనక పిడులు లాగడానికి పక్కన ఇంకో మనిషి కావాలి.

ఆ మనిషి మందుల షాపులో పనిచేసే రోస్‌విటా. ఆమె ముందు పాటబృందంలో చేరింది. "ఆ పిల్ల నోరు కదుపుతుంది గానీ లోపల్నించి ఏమీ రాదు" అని హానెలోరె నోయ్‌బెర్ట్ నలుగురిలో అనేసింది. ఎవరి గొంతు ఏ పాటిదో మొహానే చెప్పే హక్కు హానెలోరెకు ఆ బృందంలో మొదట్నించీ ఉంది. క్రెల్ అటు బృందాన్నీ ఇటు రోస్‌విటానూ కాపాడదామని ఆమెను పైన ఆర్గన్ పక్కకు తెచ్చుకున్నాడు. మరుసటి ఏడు పెళ్ళి చేసుకున్నాడు.

"గొంతు లేనిదాన్నని వెళ్ళగొట్టారు. ముప్పై ఒక్క గొంతులు దొరికాయి" అనేది రోస్‌విటా.

ఇక నవంబరు సంగతి. చనిపోయినవారి ఆదివారం నాడు పేరు చదివి కొవ్వొత్తి వెలిగించడం ప్రతి చర్చిలోనూ ఉంది. ష్టైన్‌రోడాలో ఇంకోటి కూడా ఉంది. ప్రతి పేరు తర్వాతా, ఆ మనిషి కోసమే క్రెల్ రాసిన ఒక చిన్న రచన వినపడుతుంది. అర నిమిషం, మహా అయితే నిమిషంన్నర. ఒక పేరుకు ఒక్కసారే. తర్వాత అది ఆ ఏటి నీలం ఫోల్డరులోకి వెళ్ళిపోతుంది. 1982 నుంచి నలభై ఒక్క ఫోల్డర్లు జమయ్యాయి.

ఊళ్ళోవాళ్ళు ఈ విషయంలో బతికుండగానే జాగ్రత్తలు చెప్పుకునేవారు. కుళాయిలు బాగుచేసే త్సీగ్లర్ ఓసారి రొట్టెల కొట్టు దగ్గర క్రెల్‌ను ఆపాడు.

"కాంటర్ గారూ, నాకు మాత్రం ఆ ట్రంపెట్ గొట్టాలు వద్దండోయ్. మా ఆవిడ గొంతు నలభై ఏళ్లు విన్నాను, చచ్చాక కూడానా?"

"ఆయనకి సంగీతం దేనికండీ? కారే కుళాయి ఒకటి పెట్టండి, సరిపోతుంది" అంది పక్కనున్న భార్య.

మూడేళ్ల తర్వాత త్సీగ్లర్ పేరు చదివినప్పుడు, కాళ్ళతో తొక్కే లోతైన గొట్టాల్లోంచి టక్, టక్, టక్ అని గోడలో నీళ్ళ పైపు కొట్టుకున్నట్టు వినపడింది. ఆయన భార్య ఏడుస్తూ ఫక్కున నవ్వింది. చర్చంతా నవ్వింది. ఇంటికి వెళ్ళేదారిలో "ఆ కుళాయి నాదే" అంది రోస్‌విటా. "సరేలే" అన్నాడు క్రెల్.

నిజానికి ప్రతి రచనా అలాగే తయారయ్యేది. అతను స్వరాలు రాసేవాడు. ఏ పిడులు లాగాలో రాసేవాడు కాదు. శుక్రవారం మధ్యాహ్నాలు ఇద్దరూ పైకెక్కి కూర్చునేవారు. అతను వాయిస్తుంటే ఆమె ఒక పిడి లాగేది, ఇంకోటి మూసేది, తల అడ్డంగా ఊపేది, మళ్ళీ వెదికేది. కుదిరిందనుకున్నాక కాగితం మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకునేది. చేప, దువ్వెన, చంద్రవంక. ఆ గుర్తులు ఆమె సొంతం. అతను ఎన్నడూ అడగలేదు. వాయించేటప్పుడు కళ్ళు స్వరాల మీదే ఉండేవి గనక ఆమె చేతులు ఎటు వెళ్ళాయో చూడనూ లేదు. రాష్ట్ర చర్చి గ్రంథాలయం నుంచి ఒకాయన వచ్చి, "పిడుల వివరం మీ రాతప్రతిలో లేదేమండీ?" అని అడిగితే క్రెల్ చేతులు దులిపేసుకున్నాడు.

"స్వరాలు నావండీ. ఆ మిగతాది రోస్‌విటా చూసుకుంటుంది."

1994లో అతని రచనలు కొన్ని ఓ పెద్ద నగరంలో వాయించారు. ఇద్దరూ వెళ్ళారు. మర్నాడు పత్రికలో నాలుగు వాక్యాలు వచ్చాయి. "స్వరరచన పద్ధతిగా ఉంది, కొత్తదనమేమీ లేదు. అయితే ఆ ధ్వనులు ఇదివరకెన్నడూ విననివి" అని రాశాడు విమర్శకుడు. క్రెల్ పేరులో ఒక అక్షరం తప్పు పడింది. అతను వారం రోజులు ముఖం ముడుచుకుని తిరిగాడు. రోస్‌విటా ఆ ముక్క కత్తిరించి వంటింటి సొరుగులో దాచుకుంది. ఎందుకు దాచుకుందో అతనికి అప్పుడు తట్టలేదు.

ఈ ఏడు జనవరిలో ఆమెకు కడుపులో గడ్డ బయటపడింది. ఫిబ్రవరిలో పోయింది. పోవడానికి నాలుగు రోజుల ముందు ఆసుపత్రిలో, తనే ఆ మాట ఎత్తింది.

"నాకోసం కొత్తది రాయకు హార్ట్‌మూట్."

"ఇప్పుడా మాటలెందుకు?"

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడు? రాస్తే ఏడుపు దట్టంగా కూరుతావు, నాకు తెలుసు. ఫ్రీడెరికెది వాయించు. దాని మీద నేను పెట్టిన గుర్తులు చూసుకో. ఎవరు పిడులు లాగినా సరే, గుర్తులు చూసి లాగమను."

"అవి నీకు తప్ప ఎవరికి అర్థమవుతాయి?"

"ఫోల్డరు తెచ్చి చూపించు, చెబుతాను."

రేపు తెస్తానన్నాడు. మర్నాటికి ఆమెకు మాట పోయింది.

ఫ్రీడెరికె వాళ్ళ కూతురు. 1986 మే నెలలో పుట్టి రెండు రోజులు బతికింది. నర్సు కుళాయి నీళ్ళతో బాప్తిస్మం ఇచ్చి పేరు పెట్టింది. ఆ నవంబరులో ఆ పేరు చదివినప్పుడు వాయించిన రచన ఇరవై రెండు సెకన్లు. దానికి రోస్‌విటా వెదికి పట్టిన ధ్వని లాంటిది క్రెల్ అంతకు ముందు గానీ తర్వాత గానీ వినలేదు. నిద్రపోతున్న పసిపిల్ల మీదికి వంగితే వినపడే ఊపిరిలా ఉండేది. అందులో స్వరం ఉందా లేదా అన్నంత సన్నగా. ఒక్కసారే వాయించారు. మళ్ళీ ఇద్దరిలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అతని చెవిలో మాత్రం అది అలాగే ఉంది. ఈ ఆదివారం దాన్ని మళ్ళీ వినాలి, ఊరంతా వినాలి. అతనికి మిగిలిన కోరిక అదొక్కటే. గుర్తుల అర్థం తెలియకపోయినా, ముప్పై ఒక్క పిడుల దగ్గర కూర్చుని ఒక్కొక్క గుర్తునూ విప్పుకోవచ్చనుకున్నాడు.

ఆ గుర్తులే ఇప్పుడు లేవు.

మర్నాడు ఉదయం హానెలోరె చర్చికి వచ్చింది. డెబ్బై నాలుగేళ్ల మనిషి. ముప్పై ఆరేళ్లుగా బృందం కాగితాల బీరువా తాళం ఆమె నడుముకే. చేతిలో కేకు డబ్బా.

"చూశారా మరి?" అంది, గుమ్మంలోంచే. "చూసే ఉంటారు. చెప్పకుండా ఊరుకుందామనుకున్నాం, మీరే కనిపెట్టాలని."

"ఏమిటది, హానెలోరె గారూ?"

"అదేమిటండీ! బీరువా అండీ బీరువా! పదిహేడు మందిమి, రెండు మధ్యాహ్నాలు కూర్చున్నాం. ఏడాది చివర మీరు దిగిపోతున్నారు, కొత్తమ్మాయి వస్తోంది. మాసిన కాగితాలు అప్పజెబితే మన పరువేం కాను? మన పనివాడు గుంటర్‌కి ఆ రబ్బరు పొడి ఊడవడానికే గంట పట్టింది. మధ్యలో ఆపి, 'మంచు పడిందా లోపల?' అంటాడు."

ఇందులో వింతేమీ లేదు. అద్దెకు తెచ్చిన పాట కాగితాలు కచేరీ అయ్యాక పెన్సిలు గీతలన్నీ చెరిపి పంపాలి. లేకపోతే ప్రచురణకర్తలు తిప్పి పంపుతారు. ఆ దేశంలో ఏ పాటబృందమైనా చివరి పాట అయ్యాక చేసే పని అదే. కాఫీ, కేకు, చేతికో రబ్బరు. క్రెల్ తనే వాళ్ళకది నేర్పాడు. "పెన్సిలు మాత్రమే, అదీ మెత్తది, గట్టిగా అదమకండి" అని నలభై రెండేళ్లుగా చెప్పాడు. అందరికంటే బుద్ధిగా విన్నది రోస్‌విటా. అందుకే నిన్న కాగితాన్ని కిటికీ వెలుగులో ఏటవాలుగా పెట్టి చూసినా గీత ఆనవాలు కూడా దొరకలేదు.

"నీలం ఫోల్డర్లు కూడా చెరిపారా?" అన్నాడు.

"నలభై ఒక్కటీ! అసలు మురికంతా వాటిల్లోనే. ఆదివారం బడి పిల్లలెవరో చేతికి చిక్కించుకున్నట్టున్నారు. చేపలు, దువ్వెనలు, పిచ్చి బొమ్మలు. మీకు కోపం వస్తుందని మీదాకా రానివ్వలేదు."

అతను కేకు డబ్బా అందుకున్నాడు. మూత సరిగ్గా ఉందో లేదో చూశాడు.

"చాలా శుభ్రంగా ఉంది హానెలోరె గారూ. శ్రమపడ్డారు."

"రోస్‌విటా ఉంటే సంతోషించేది" అంది ఆమె.

గురువారం, శుక్రవారం అతను కొత్త కాంటర్ టబేయాతో కలిసి పైన కూర్చున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ల అమ్మాయి, ఇకమీదట ఏడు ఊళ్ళ చర్చిలకు ఒక్కతే. మిగతా పది మందికి అతను రాసినవి చకచకా తెమిలాయి. ఫ్రీడెరికెది మాత్రం తెమలలేదు. ఆమె ఒక పిడి లాగేది, అతను రెండు స్వరాలు వాయించి "కాదు" అనేవాడు. రెండు పిడులు కలిపేది. "కాదు." ఆమె ఓ పుస్తకంలో వరసగా రాసుకుంటూ పోయింది. శుక్రవారం సాయంకాలానికి నూట నలభై దాటింది.

"ఇంతకీ మీరు వెదుకుతున్నది వేణువు జాతా, తీగ జాతా? అదైనా చెప్పండి" అంది విసుగు దాచుకుంటూ.

"తెలీదమ్మా."

"మీరు రాసిందే కదండీ!"

అతను ఫోల్డరు అట్ట వైపు చూశాడు. నలభై ఒక్క ఫోల్డర్ల మీదా తన పేరే ఉంది. స్వరరచన: హార్ట్‌మూట్ క్రెల్. ఎక్కడా ఇంకో పేరు లేదు. ఆ గుర్తులొక్కటే ఆమె సంతకం.

మెట్లు దిగుతూ టబేయాకు హానెలోరె ఎదురుపడింది. "కాంటర్ గారి భార్య ఏవో గుర్తులు పెట్టేవారటగా, చేప, దువ్వెన, అవి ఎక్కడైనా నకలుందా?" అని అడిగింది టబేయా, అమాయకంగా.

శనివారం ఉదయం హానెలోరె చర్చి మధ్య దారిలో నిలబడి ఉంది. కోటు గుండీలు తప్పు పెట్టుకుంది. పైకి రాలేదు. కిందనుంచే పిలిచింది.

"కాంటర్ గారూ! మొన్న నాకెందుకు చెప్పలేదు?"

క్రెల్ పిట్టగోడ మీదుగా తొంగి చూశాడు.

"చెబితే ఏమవుతుంది, హానెలోరె గారూ?"

"తిట్టాల్సింది. కేకు తీసుకుని థాంక్స్ చెబుతారా? సిగ్గుతో చావమనా?" ఆమె పక్క బల్ల మీద చెయ్యి వేసింది. "వినండి. ఎనభై ఆరులో మా నాన్న పేరూ ఉంది. ఆ రోజు నేను బృందంతో కాదు, ఇక్కడే కూర్చున్నా, మూడో బల్ల. పాపది విన్నాను. నాకు గుర్తుంది. ఆ ఫోల్డరు చెరిపింది కూడా నేనే. ఒక చేప ఉంది. ఒక చంద్రవంక ఉంది. ఇంకోటి, సగం తెరిచిన తలుపులాంటిది."

టబేయా చప్పున తలెత్తింది. "సగం! పిడి సగమే లాగేవారేమో. సగం లాగితే గాలి చాలక గొట్టం ఊపిరిలా పలుకుతుంది."

గంటన్నరసేపు వెదికారు. టబేయా పిడుల్ని వేలెడు, రెండు వేళ్ళు లాగి చూస్తోంది. హానెలోరె మూడో బల్లలో కళ్ళు మూసుకుని కూర్చుంది.

"లావుగా ఉంది!" అని కిందనుంచి అరిచేది. "అయ్యో, ఇదేంటండీ, పిల్లి దగ్గినట్టు! ఇంకా సన్నం!"

ఒకసారి ఆమె ఏమీ అరవలేదు. క్రెల్ చేతులు ఆర్గన్ మీటల మీదే ఆగిపోయాయి. తర్వాత కిందనుంచి మాట వచ్చింది.

"దగ్గరగా ఉంది. కానీ అది కాదు."

"కాదు" అన్నాడు క్రెల్.

"దగ్గరగా ఉంది కదండీ, ఇదే వాయించండి. ఎవరికి తెలుస్తుంది?" అంది టబేయా.

"మీకు తెలీదు. కిందున్న ఆవిడకి తెలుసు, నాకు తెలుసు." మీటల మీద మూత దించాడు. "దగ్గరగా ఉన్నది నాకొద్దమ్మా. ఇప్పుడది వింటే, లోపలున్నది కూడా పోతుంది."

ఆదివారం చర్చి నిండింది. పాస్టర్ ఆన్‌కె మొదటి పేరు చదివింది. తొంభై రెండేళ్ల పాలవాడికి క్రెల్ రాసింది వినపడింది, ఎవరో తృప్తిగా తల ఊపారు. తర్వాత రెండో పేరు.

"రోస్‌విటా క్రెల్. అరవై నాలుగేళ్లు."

కొవ్వొత్తి వెలిగింది. పైన టబేయా లాగిన పిడులన్నీ మూసేసి, ఏది లాగమంటాడా అని అతని ముఖం చూసింది. అతను తల ఊపలేదు. మీటల మీద చేతులు పెట్టి ఫ్రీడెరికెది వాయించడం మొదలుపెట్టాడు.

ఒక్క పిడీ తెరిచి లేదు. ఒక్క గొట్టమూ పలకలేదు. కింద కూర్చున్నవాళ్ళకు వినపడిందల్లా కర్ర చప్పుడు. మీటలు కిందికి వెళ్ళి పైకి రావడం, లోపలెక్కడో సన్నని పుల్లలు కదలడం, తిత్తిలో గాలి వేచి ఉండడం. ఇరవై రెండు సెకన్లు. చర్చి పనివాడు గుంటర్, ఆర్గన్‌కు గాలి పంపే మోటారు ఆగిందనుకుని లేచి గోడ పక్కనుంచి గబగబా నడిచాడు. మూడో బల్లలో ఉన్న హానెలోరె అతని చొక్కా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

చప్పుడు ఆగింది. పాస్టర్ ఒక్క క్షణం చూసి మూడో పేరు చదివింది. మూడో పేరుకు ఆర్గన్ నిండుగా పలికింది.

తర్వాత చర్చి ఇంట్లో కాఫీ దగ్గర నలుగురూ క్రెల్ చుట్టూ చేరారు.

"పాపం, రోస్‌విటా దగ్గరే మొరాయించాలా ఆ మోటారు!" అంది త్సీగ్లర్ భార్య. "మా ఆయనుంటే ఓ తన్ను తన్నేవాడు."

"మోటారు బాగానే ఉందండీ" అన్నాడు క్రెల్.

అందరూ వెళ్ళాక అతను నీలం ఫోల్డరు బల్ల మీద పెట్టాడు. హానెలోరె కప్పులు కడిగి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఫోల్డరు వైపు చూసింది గానీ ముట్టుకోలేదు.

"బీరువాలో పెట్టనా?"

"ఆగండి. రాసుకోవడానికి ఏమైనా ఉందా?"

అలవాటు కొద్దీ ఏప్రన్ జేబులోంచి పెన్సిలు తీసింది. తీసి, దాన్ని చూసుకుని, మళ్ళీ లోపల పెట్టేసింది. గుమ్మం దగ్గర హాజరు పుస్తకానికి కట్టి ఉన్న పెన్ను దారం తెంపి తెచ్చి ఇచ్చింది.

క్రెల్ స్వరాల పైన, ఖాళీగా ఉన్న చోట, పిడుల గురించి తన జీవితంలో మొదటిసారి ఒక మాట రాశాడు: "ఏదీ లాగవద్దు." పక్కన తన పేరు ఉన్నచోట, దాని కిందే, ఇంకో పేరు రాశాడు. సిరా ఆరేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. తర్వాత అతను మిగిలిన నలభై ఫోల్డర్ల మీద కూడా ఆ పేరు రాయాలని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. హానెలోరె ఒక్కొక్కటే బీరువాలోంచి తీసి అందిస్తోంది.